బేస్‌మెంట్‌లో రేడాన్: కొలవడం, తగ్గించడం

అమెరికాలో బేస్‌మెంట్ ఉన్న ఇల్లు కొన్నవాళ్లు అక్కడ ఆఫీసు గదో హోమ్ థియేటరో కట్టకముందే రేడాన్ కొలవాలి. కార్పెట్ పరిచాక రేడాన్‌ను బయటికి పంపే పైపు కోసం నేలకు రంధ్రం పెట్టించడం మహా చిరాకు. నేలలోని యురేనియం నుంచి పుట్టే ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. పీల్చితే దాని నుంచి పుట్టే పొలోనియం ఊపిరితిత్తుల్లో ఆల్ఫా కణాలు వదులుతుంది. పొగతాగనివాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మొదటి కారణం ఇదేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతోంది. పొగతాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. పక్కింటి రీడింగ్ మనింటికి పనికిరాదు.

కొలవడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే చార్‌కోల్ కిట్ (రేడాన్‌ను పట్టుకునే బొగ్గు ఉన్న చిన్న డబ్బా) చాలు. పరీక్షకు 12 గంటల ముందు నుంచి కిటికీలు, తలుపులు మూసి ఉంచండి. వచ్చిపోవడానికి తలుపు తీయడం ఫరవాలేదు. మీరు వాడే అన్నిటికన్నా కింది అంతస్తులో, నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున పెట్టండి. వంటగది, బాత్రూమ్, లాండ్రీ గది వద్దు. కనీసం 48 గంటలు ఉంచి, మూత బిగించి అదేరోజు ల్యాబ్‌కు పంపండి. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులే కాబట్టి ఆలస్యమైతే లెక్క తప్పుతుంది.

లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం), అంతకు మించి వస్తే మరోసారి కొలవండి. 8 దాటితే రెండోదీ వెంటనే చార్‌కోల్‌తోనే చేసి, రెండిటి సగటు 4కు చేరితే మరమ్మతు చేయించండి. 2కూ 4కూ మధ్య ఉన్నా ఆలోచించదగ్గదే.

చాలామంది నేల పగుళ్లకు కాల్క్ (సందులు మూసే జిగురు) పూసి ఊరుకుంటారు. అదొక్కటే చాలదు. ఇంట్లోని వెచ్చని గాలి పైకిపోతూ నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. ఆ లాగుడును తిరగేయాలి. బేస్‌మెంట్ కాంక్రీటు నేలకు రంధ్రం చేసి, కింద చిన్న గొయ్యి తీసి, 3 లేదా 4 అంగుళాల పీవీసీ పైపు దించి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి వదలాలి. నేలలోని నీరు చేరే సంప్ గుంట ఉంటే గాలి చొరని మూత వేయాలి.

ఫ్యాన్‌ను బేస్‌మెంట్‌లో పెట్టనివ్వకండి. దాని పై భాగంలో పైపు ఎక్కడ కారినా రేడాన్ ఇంట్లోకే వస్తుంది. అటకపైనో బయటో ఉండాలి. పైపు వాలు గొయ్యి వైపుకే ఉండాలి, లేకపోతే తేమ నీరై నిలిచి దారి మూసుకుపోతుంది. పైపు మీది యూ ఆకారపు గొట్టంలో ద్రవం రెండువైపులా సమంగా కనిపిస్తే లాగుడు లేనట్టే. అయితే ఆ గొట్టం రేడాన్‌ను కొలవదు. ఫ్యాన్ పెట్టిన 24 గంటల తర్వాత, 30 రోజుల్లోపు ఒకసారి, ఆపై రెండేళ్లకోసారి కిట్‌తో కొలవాల్సిందే.