అసమానతల లెక్కలను చదవడం ఎలా?

ప్రపంచంలో అసమానతలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో భారత్‌ది నాలుగో స్థానమని 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి ఆధారం ప్రపంచ బ్యాంకు గణాంకాల్లోని 25.5 అనే గినీ సూచీ. అందరికీ సమానంగా దక్కితే ఈ సూచీ సున్నా, మొత్తం ఒక్కరికే దక్కితే వంద. ఆ ప్రకటనకు పదహారు నెలల ముందు, ఆర్థికవేత్తలు థామస్ పికెటీ, లూకాస్ ఛాన్సెల్, నితిన్ కుమార్ భారతి, అన్మోల్ సోమంచి కలిసి వెలువరించిన పరిశోధన పత్రం మరో మాట చెప్పింది. 2022-23లో అగ్రస్థానంలోని ఒక శాతం మంది చేతిలో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉన్నాయని, ఆదాయానికి 1922 నుంచి, సంపదకు 1961 నుంచి వేసిన లెక్కల్లో ఇంతటి కేంద్రీకరణ ఎన్నడూ లేదని ఆ పత్రం సారాంశం. రెండూ ఒకే దేశం గురించి, దాదాపు ఒకే కాలం గురించి చెప్పిన మాటలే. ఇటువంటి అంకెలు ఎదురైనప్పుడు ఎవరి పక్షం వహించాలో తేల్చుకునే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. వాటిని ఏ వరుసలో వేసుకోవాలన్నదీ ముఖ్యమే.

మొట్టమొదట చూడవలసింది, కొలిచినది ఖర్చునా, ఆదాయాన్నా, ఆస్తినా అన్నది. నెలకు 20 వేల రూపాయలు సంపాదించి 18 వేలు ఖర్చు చేసే కుటుంబం ఒకటి, 5 లక్షలు సంపాదించి లక్షా 20 వేలు ఖర్చు చేసే కుటుంబం మరొకటి ఉన్నాయనుకుందాం. ఆదాయంలో వీరి మధ్య తేడా 25 రెట్లు. ఖర్చులో చూస్తే ఏడు రెట్లకు కూడా చేరదు. నెల తిరిగేసరికి మిగిలేది మొదటి ఇంట్లో 2 వేలు, రెండో ఇంట్లో 3 లక్షల 80 వేలు, అంటే 190 రెట్లు. ఆ మిగులే స్థలంగా, బంగారంగా, షేర్లుగా మారి పిల్లలకు దక్కుతుంది. ఎంత సంపన్నుడైనా తినగలిగినదానికీ కట్టగలిగినదానికీ ఒక హద్దు ఉంటుంది కనుక, ఖర్చును బట్టి కొలిచిన అసమానత ఏ దేశంలోనైనా తక్కువగానే కనబడుతుంది.

పైన చెప్పిన 25.5 ఖర్చు మీద కట్టిన సూచీ. ఆ పట్టికలో మనకంటే ముందున్న స్లొవేకియా, స్లొవేనియా దేశాల సూచీలు ఆదాయం మీద కట్టినవి. ఖర్చు సూచీనీ, ఆదాయ సూచీలనూ ఒకే వరుసలో నిలబెట్టి స్థానాలు పంచడం సరైన పద్ధతి కాదు. విశేషమేమిటంటే, 2025 ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు భారత్ గురించి విడుదల చేసిన చిన్న నివేదికలోనే ఈ రెండు కొలతలూ పక్కపక్కన ఉన్నాయి: ఖర్చు మీద కట్టిన సూచీ 2011-12లో 28.8 నుంచి 2022-23లో 25.5కు తగ్గిందని, ఆదాయం మీద కట్టినది 2004లో 52 నుంచి 2023లో 62కు పెరిగిందని. ఖర్చుల్లోని అసమానతను సర్వే తక్కువగా చూపి ఉండవచ్చన్న హెచ్చరికా అక్కడే ఉంది. తమకు అనుకూలమైన అంకెను ఏరుకుని మిగతాది వదిలేయడం ప్రభుత్వాలకూ ప్రతిపక్షాలకూ కొత్త విద్యేమీ కాదు కాబట్టి, ప్రకటన చదివినవారు మూల నివేదికను కూడా ఒకసారి తెరిచి చూడటం మంచిది.

రెండో ప్రశ్న, ఆ లెక్కలోకి ఎవరు వచ్చారన్నది. 25.5 సూచీకి మూలమైన ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వేలో గణకులు ఇంటింటికీ వెళ్లి, బియ్యం పప్పుల నుంచి ఫోను బిల్లు వరకు నాలుగు వందలకు పైగా వస్తువులు, సేవల మీద పెట్టిన ఖర్చు అడిగి రాసుకుంటారు. పేద, మధ్యతరగతి కుటుంబాల గురించి ఇంతకంటే మంచి ఆధారం లేదు. కాపలాదారును దాటి లోపలికి వెళ్లలేని ఇళ్లు, గంటల తరబడి కూర్చుని జవాబు చెప్పే తీరిక లేని కుటుంబాలు మాత్రం ఆ లెక్కలోంచి జారిపోతాయి. అందుకే పికెటీ బృందం పైమెట్టును ఆదాయపు పన్ను గణాంకాలతోనూ, శతకోటీశ్వరుల జాబితాలతోనూ పూరించింది. ఈ పద్ధతికీ లోపాలున్నాయి. పన్ను రిటర్నులు వేసేవారు దేశంలో కొద్దిమందే. మిగిలినవారి ఆదాయాన్ని ఖర్చుల సర్వేల నుంచి కొన్ని ఊహలతో అంచనా కట్టవలసి వచ్చింది. విమర్శకులు పట్టుకున్నది ఆ ఊహలనే. నా దృష్టిలో ఆ విమర్శ కచ్చితమైన శాతాల మీద సందేహం కలిగించగలదే తప్ప, 1980ల ఆరంభంలో ఆరు శాతం దగ్గరున్న అగ్రశ్రేణి ఒక శాతం మంది ఆదాయ వాటా ఆ తరువాత బాగా పెరిగిందన్న దిశను తారుమారు చేయలేదు.

కాలాల మధ్య పోలికలోనూ జాగ్రత్త అవసరం. 2022-23 సర్వేలో గణకులు ఒక్కో కుటుంబం దగ్గరికి మూడుసార్లు వెళ్లారు; అంతకుముందు ఒక్కసారే వెళ్లేవారు. ఇళ్లను ఎంచుకునే పద్ధతి కూడా మారింది. మధ్యలో జరిగిన 2017-18 సర్వే ఫలితాలను నాణ్యత లోపించిందంటూ ప్రభుత్వం పక్కన పెట్టింది. కాబట్టి 2011-12తో పోల్చి చెప్పే ఏ మాటనైనా కొంత తగ్గించుకుని వినాలి. పద్ధతి దాదాపు మారని వరుస సంవత్సరాల పోలిక దానికంటే నమ్మదగినది: గ్రామాల్లో అట్టడుగు ఐదు శాతం మంది నెలసరి తలసరి ఖర్చు 2022-23లో 1,373 రూపాయలు, 2023-24లో 1,677, పై ఐదు శాతం వారిది 10,501 నుంచి 10,137కు తగ్గింది. కింది మెట్టులో వచ్చిన ఈ మెరుగుదలను కొట్టిపారేయకూడదు. ఆ పై ఐదు శాతంలో అసలైన కుబేరులు ఎందరున్నారన్నది వేరే సంగతి.

సగటులను అంతరాలుగా పొరబడకుండా ఉండటం కూడా అలవరచుకోవాలి. 2022-23లో తెలంగాణ పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 8,158 రూపాయలు, గ్రామాల్లో 4,802. ఆంధ్రప్రదేశ్‌లో వరుసగా 6,782, 4,870. ఇవి పట్నానికీ పల్లెకూ మధ్య తేడాను చెబుతాయి. హైదరాబాద్‌లోనే ఉన్న ధనిక, పేద కుటుంబాల మధ్య దూరం గురించి వీటిలో ఒక్క ముక్కా లేదు.

కొలతల సంగతి ఇలా విడదీశాక మిగిలేది అసలైన భేదాభిప్రాయం. 2013లో ఆర్థికవేత్తలు జగదీశ్ భగవతి, అరవింద్ పనగారియా ఒకవైపు, అమర్త్య సేన్, జాఁ ద్రెజ్ మరోవైపు నిలిచిన వాదంలో వృద్ధి అక్కర్లేదని ఎవరూ అనలేదు. వృద్ధి పెరిగితేనే పేదల ఆదాయమూ, సంక్షేమానికి కావలసిన పన్నుల రాబడీ పెరుగుతాయని మొదటివారు. చదువు, ఆరోగ్యం ముందుగా అందరికీ అందకపోతే వృద్ధే నిలబడదని రెండోవారు. ఎవరైనా ఈ వాదాన్ని ప్రస్తావిస్తే, ఏది ముందు, ఎంతకాలం ఆగాలి, ఆ లోపు నష్టం ఎవరిది అని అడగండి. వృద్ధి తొలిదశలో అసమానత పెరిగి తరువాత దానంతట అదే తగ్గుతుందని చెప్పేవారు ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ పేరు వాడుతుంటారు. ఆయన మాత్రం 1955 నాటి తన వ్యాసంలో ఆధారం ఐదు శాతమేనని, మిగతాది ఊహేనని రాసుకున్నాడు.

చివరిగా, పరిష్కారాలను సమస్య నిర్ధారణతో కలపకుండా విడిగా తూకం వేయాలి. పది కోట్ల రూపాయలు దాటిన నికర సంపద మీద ఏటా 2 శాతం పన్ను, అంత విలువైన వారసత్వాల మీద 33 శాతం పన్ను వేయాలని పికెటీ బృందం 2024లో ప్రతిపాదించింది. అసమానత తీవ్రంగా ఉందని అంగీకరిస్తూనే ఈ పన్నును వ్యతిరేకించవచ్చు. మన దేశం 1985లో ఎస్టేట్ డ్యూటీనీ (మరణించినవారి ఆస్తి మీద వేసే పన్ను), 2015లో సంపద పన్నునూ ఎత్తివేసింది. 2013-14లో సంపద పన్ను కింద వసూలైంది 1,008 కోట్లు మాత్రమే. అంత తక్కువ రాబడి ఆ పన్ను స్వభావమా, లేక షేర్లు, బాండ్ల వంటి ఆస్తులను దాని పరిధిలోంచి తప్పించిన చట్టం వల్ల వచ్చినదా అన్నది పన్నును సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఇద్దరూ జవాబు చెప్పవలసిన ప్రశ్న.