పడవలో కాపురం: నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా ఇద్దరే నడుపుకుంటూ వెళ్లడం ఎలా

అమెరికా తూర్పు తీరం వెంట, సముద్రానికి కాస్త లోపలగా, వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని మయామీ వరకు దాదాపు 1,090 మైళ్ల పొడవున ఒక జలమార్గం ఉంది. నదులను, ఉప్పుటేర్లను, తీరపు సరస్సులను తవ్వుడు కాలువలతో కలిపి ఏర్పరచిన ఈ దారిని ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా సాగిన బకింగ్‌హాం కాలువను ఎరిగినవారికి ఇందులోని ఆలోచన కొత్తది కాదు. సముద్రపు కెరటాలకు ఎదురెళ్లకుండా తీరం చాటునే పడవ నడవాలన్నదే రెండింటి ఉద్దేశం. మన కాలువలో రవాణా పడవలు ఏనాడో ఆగిపోయాయి; అక్కడ మాత్రం ఏటా చలి మొదలయ్యే వేళకు ఎన్నో జంటలు, ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవారు, ఇల్లూ వాకిలీ అంతా పడవలోనే పెట్టుకుని దక్షిణానికి బయలుదేరుతారు.

ఈ ప్రయాణం మీద ఆసక్తి ఉన్న తెలుగువారు మొదట అడిగే ప్రశ్న ఎలాంటి పడవ కొనాలన్నది. అంతకన్నా ముందు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇద్దరిలో ఒకరు జ్వరంతో పడుకుంటే, రెండోవారు ఒంటరిగా పడవను రేవుకు చేర్చగలరా? సాధారణంగా భర్త సరంగుగాను, భార్య తాళ్లు అందించే మనిషిగాను స్థిరపడిపోతారు. ఆ ఏర్పాటు ఎండకాసే రోజున బాగానే నడుస్తుంది. పడవ ఎంపిక మొదలుకొని రోజువారీ అలవాట్ల వరకు ప్రతి నిర్ణయాన్నీ ఈ ప్రశ్నతోనే తూచాలని నా అభిప్రాయం.

ఆ లెక్కన 34 నుంచి 40 అడుగుల లోపు పొడవుండి, ఒక డీజిల్ ఇంజనుతో నెమ్మదిగా నడిచే ట్రాలర్ రకం పడవ ఇద్దరికి సరిపోతుంది. అంతకన్నా పెద్దదానిలో సోఫా బాగుంటుంది గాని, గాలిలో దానిని జెట్టీకి ఆనించడం ఒక్కరి వల్ల కాదు. చుక్కాని పట్టుకునే చోటు పక్కనే తలుపు ఉండి, రెండడుగులు వేస్తే తాడు అందేలా ఉందేమో చూడండి. ముందు భాగాన్ని పక్కకు నెట్టే చిన్న మోటారు ఉంటే ఇంకా మేలు. నీటిలో మునిగే భాగం అయిదడుగులకు మించకపోతే మనసు నెమ్మదిగా ఉంటుంది. తెరచాప పడవ కొనేవారు స్తంభం ఎత్తును తప్పక కొలవాలి. దారిలోని స్థిర వంతెనల కింద సాధారణంగా 65 అడుగుల ఎత్తు దొరుకుతుంది, కాని మయామీలోని జూలియా టటిల్ వంతెన కింద 56 అడుగులే ఉంటుంది. కొనేముందు పడవను నీటినుంచి పైకెత్తించి స్వతంత్ర సర్వేయరు చేత పరీక్ష చేయించండి. పాత పడవలకు ఆ నివేదిక లేనిదే బీమా దొరకడం కష్టం. మరో సంగతి: కోస్ట్ గార్డు వద్ద పడవను నమోదు చేయించుకోవడానికి యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. వీసా మీదగాని గ్రీన్ కార్డు మీదగాని ఉన్నవారు రాష్ట్ర రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకోవచ్చు.

తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. చాలా బీమా పాలసీలు ఫలానా తేదీ దాకా ఫలానా అక్షాంశానికి ఉత్తరంగానే ఉండాలని షరతు పెడతాయి కనుక ఆ వాక్యాన్ని సంతకానికి ముందే చదవండి. సెప్టెంబరు, అక్టోబరు నెలలను చెసపీక్ అఖాతంలో గడిపి, అక్టోబరు చివర నార్‌ఫోక్ దాటడం చాలామంది పద్ధతి. గంటకు ఏడెనిమిది మైళ్ల వేగంతో రోజుకు 50 మైళ్లు నడిస్తే చాలు. నవంబరులో గడియారాలు వెనక్కు తిప్పాక సాయంత్రం అయిదుకల్లా చీకటి పడుతుంది, తెలియని ఉప్పుటేటిలో చీకట్లో లంగరు వేయడం ఎవరికీ మంచిది కాదు. లెక్క ప్రకారం 22 రోజుల దారి అయినా, గాలివాన రోజులు, మరమ్మతులు, ఊళ్లు చూడడం కలిపి ఆరు నుంచి ఎనిమిది వారాలు కేటాయించండి. థాంక్స్‌గివింగ్‌కు పిల్లలను కలుసుకోవాలంటే పడవను ఏదైనా మెరీనాలో కట్టేసి అద్దె కారులో వెళ్లండి. తేదీకి చేరాలన్న తొందరే ఈ దారిలో ఎక్కువ పడవలను ఇసుకమేటల మీదకు ఎక్కిస్తుంది.

నార్‌ఫోక్ దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి గ్రేట్ బ్రిడ్జి లాకు (నీటిమట్టాన్ని పెంచి, తగ్గించి పడవను దాటించే తలుపుల అర) మీదుగా వెళ్లే వెడల్పైన మార్గం. అక్కడ నీటిమట్టంలో తేడా రెండు మూడు అడుగులే. రెండోది 1805లో తెరిచిన డిస్మల్ స్వాంప్ కాలువ. ఇది ఇరుకు, లోతు సుమారు ఆరడుగులు, నీరు చెట్ల ఆకులూ వేర్లూ నానిన రంగుతో అచ్చం కాఫీ డికాషన్‌లా ఉంటుంది. దీనికి రెండు చివరలా ఒక్కో లాకు ఉండి, మొదటిది పడవను సుమారు ఎనిమిది అడుగులు పైకెత్తుతుంది, రెండోది అంతే కిందికి దింపుతుంది. ధవళేశ్వరం వైపు పెరిగినవారికి లాకు ఎలా పనిచేస్తుందో చెప్పనక్కరలేదు. పడవలోని మనిషి చేయవలసింది మాత్రం చెప్పాలి. గోడవైపు ఫెండర్లను, అంటే పడవ గోడకు రాసుకోకుండా కాపాడే మెత్తలను, వేలాడదీసి నెమ్మదిగా లోపలికి రండి. ముందొక తాడు, వెనకొక తాడు గట్టు మీది గుంజలకు చుట్టి, కొసలను తిరిగి చేతిలోకే తెచ్చుకోవాలి. వాటిని పడవకు ముడి వేయకూడదు. నీరు దిగుతున్నప్పుడు ముడిపడిన తాడు పడవను గోడకు వేలాడదీస్తుంది. నీరు దిగేకొద్దీ తాడును జారవిడుస్తూ, ఎక్కేకొద్దీ లాక్కుంటూ ఉండాలి. చేతికి తొడుగులు వేసుకోండి, తాడును మణికట్టుకు చుట్టుకోకండి. మొదటి లాకులో ఒకరు ముందు తాడు పట్టుకుంటే రెండో లాకులో ఆ చోటు మార్చుకోండి.

కాలువలు దాటాక వచ్చే ఆల్బమార్ల్ సౌండ్ మన పులికాట్ వలె విశాలంగా, లోతు తక్కువగా ఉంటుంది. లోతు తక్కువ కాబట్టి ఏమాత్రం గాలి వీచినా పొట్టి, నిటారు అలలు లేస్తాయి. గాలి గంటకు 15 మైళ్లు దాటుతుందని సూచన ఉంటే ఆ రోజు ఎలిజబెత్ సిటీలో ఆగి బట్టలు ఉతుక్కోవడం ఉత్తమం.

దారి గుర్తుల నియమం చిన్నదే. దక్షిణానికి వెళ్లేటప్పుడు ఎర్ర గుర్తులు కుడివైపున, పచ్చవి ఎడమవైపున ఉండాలి. చిక్కు వచ్చేది సముద్రపు మొగల దగ్గర. సముద్రంనుంచి లోపలికి వచ్చే ఓడల కోసం పెట్టిన గుర్తులు అక్కడ మన దారిలో కలుస్తాయి, రంగులు తారుమారైనట్టు కనిపిస్తాయి. అలాంటి చోట గుర్తు మీద అంటించిన చిన్న పసుపు బొమ్మను చూడాలి: పసుపు త్రిభుజం కుడివైపు, పసుపు చతురస్రం ఎడమవైపు. గుర్తు అసలు రంగు ఏదైనా పసుపు బొమ్మ మాటే చెల్లుతుంది. మొగల వద్దే మేటలు కూడా వేగంగా పేరుకుంటాయి. మార్గంలో ఎక్కువ భాగానికి అధికారికంగా నిర్ణయించిన లోతు 12 అడుగులైనా, నిజంగా అంత లోతు ఉందని నమ్మి వెళ్లకూడదు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ప్రచురించే తాజా సర్వే పటాలను ముందురోజు రాత్రే చూసి, అనుమానం ఉన్న చోటికి సగం పోటు ఎక్కాక చేరేలా బయలుదేరే సమయం నిర్ణయించుకోండి. పోటు ఎక్కుతుండగా నేల తగిలితే నీరే పడవను లేపుతుంది. ఆటు మీద తగిలితే ఆరేడు గంటలు వంగిన పడవలో కూర్చోవలసి వస్తుంది. అడుగు తగిలిన వెంటనే వేగం తగ్గించి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కు రావడానికి ప్రయత్నించాలి. ఇంజనును గట్టిగా రెచ్చగొడితే బురద, ఇసుక చల్లబరిచే నీటితో పాటు లోపలికి పోతాయి. చిక్కుకుపోయిన పడవలను లాగి తెచ్చే సంస్థలైన టోబోట్‌యూఎస్ గాని సీ టో గాని ఇచ్చే వార్షిక సభ్యత్వం లేకుండా ఈ దారిలో అడుగుపెట్టవద్దు.

జార్జియా తీరంలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. అక్కడ లంగరు లెక్క రానివారికి నిద్ర ఉండదు. ఉదాహరణకు, ఆటు సమయంలో నీటి లోతు 8 అడుగులు, పోటుకు పెరిగేది 8 అడుగులు, నీటి మీదనుంచి పడవ ముందు భాగపు ఎత్తు 4 అడుగులు అనుకుందాం. మొత్తం 20. దీనికి ఏడు రెట్లు, అంటే 140 అడుగుల గొలుసు వదలాలి. సాయంత్రం కనిపించిన 8 అడుగులకే ఏడు రెట్లు వేసి 56 వదిలితే, అర్ధరాత్రి పోటుకు అది మూడు రెట్లు కూడా కాదు. లంగరు పట్టు వదులుతుంది. మేము చేసిన తప్పు దీనికి తిరగబడిన రకం. నిండు పోటు మీద 12 అడుగులు చూసి సంతోషంగా లంగరు వేశాము. తెల్లవారుజామున గిన్నెలు జారిన చప్పుడుకు లేచేసరికి పడవ ఒక పక్కకు ఒరిగి బురదలో కూర్చుని ఉంది, పది గజాల దూరంలో కొంగ ఒకటి మమ్మల్ని చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి లంగరు వేసే ముందు ఆటుపోట్ల పట్టికను ఇద్దరం విడివిడిగా లెక్క వేసి సరిచూసుకుంటాము. రాత్రంతా అన్ని దిక్కులకూ కనిపించే తెల్లదీపం వెలిగించి ఉంచడం చట్టం.

తెరుచుకునే వంతెనల వద్ద రేడియోలో మాట్లాడాలి. ఫ్లోరిడా, జార్జియా, దక్షిణ కరోలినాలలో ఛానెల్ 9, వాటికి ఉత్తరాన ఛానెల్ 13. ఆపద పిలుపులకు 16. వంతెన పేరు, తర్వాత మీ పడవ పేరు, ఏ దిక్కుకు వెళ్తున్నారో చెబితే చాలు. యాస గురించి మొహమాటపడి భార్యాభర్తల్లో ఒకరు రేడియో ముట్టకపోవడం చాలా పడవల్లో చూశాను. నిజానికి బ్యూఫోర్ట్ అనే స్పెల్లింగును ఉత్తర కరోలినావారు బోఫర్ట్ అని, దక్షిణ కరోలినావారు బ్యూఫర్ట్ అని పలుకుతారు. వారిలో వారికే కుదరని ఉచ్చారణ కోసం మనం వెనుకాడనక్కరలేదు. వెనకనుంచి వేగమైన పడవ వస్తే మీరు వేగం తగ్గించండి, అప్పుడే అది కూడా అల లేపకుండా దాటగలుగుతుంది.

ఇక కాపురం సంగతి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది కనుక లీకైతే పడవ అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండరు బయటకు గాలి పోయే అరలోనే ఉండాలి, వంట ముగియగానే దాని వద్దే వాల్వు మూసేయాలి. ప్రెషర్ కుక్కర్ పడవలో మహోపకారి: గ్యాసు, నీరు కలిసి వస్తాయి, పడవ ఊగినా పప్పు ఒలకదు. మిక్సీని ఇన్వర్టరు మీద అయిదు నిమిషాలు తిప్పినా 12 వోల్టుల బ్యాటరీనుంచి పోయేది ఆరేడు ఆంపియర్-గంటలే. ఇండక్షన్ పొయ్యి మాత్రం అరగంటలో దానికి పది రెట్లు పైగా తాగేస్తుంది. కరివేపాకు మొక్కను కుండీలో పెట్టుకుని రాష్ట్రాలు దాటవద్దు. నిమ్మజాతి తోటలను పాడుచేసే తెగులును మోసే పురుగు దానిమీద బతుకుతుంది కాబట్టి ఆ మొక్క రవాణా మీద ఆంక్షలు ఉన్నాయి. ఎండబెట్టిన ఆకు ఒక సీసా చాలు. మరుగుదొడ్డి తొట్టిని తీరానికి మూడు నాటికల్ మైళ్ల లోపల నీటిలోకి వదలడం నేరం. మెరీనాలలో పంపుతో ఖాళీ చేయించుకోవాలి. మెరీనా నీటిలో మాత్రం ఎంత వేడిగా ఉన్నా ఈతకు దిగకండి. గట్టునుంచి వచ్చే విద్యుత్తు ఏదో ఒక పడవలోనుంచి నీటిలోకి కారుతూ ఉంటే ఈదేవారి కండరాలు బిగుసుకుపోయి మునిగిపోతారు, పైకి ఏమీ కనిపించదు.

ఉదయం ఇంజను ముట్టించే ముందు నూనె, చల్లబరిచే ద్రవం, బెల్టు, నీటి వడపోత చూడాలి. ముట్టించాక వెనక గొట్టంనుంచి నీరు చిమ్ముతోందా అన్నది గమనించాలి. చిమ్మకపోతే చాలాసార్లు తప్పు ఇంపెల్లర్‌ది, అంటే పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రానిది. రేవులో ఉండగానే ఇద్దరూ చెరొకసారి దానిని విప్పి కొత్తది బిగించి చూడండి. మూత మరలు నాలుగో ఆరో ఉంటాయి, కింద ఒక గిన్నె పెట్టకపోతే అవి నేరుగా అడుగుకు పోతాయి. పాతదానిలో రెక్క ఏదైనా తెగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. అది ముందుకు పోయి గొట్టంలో అడ్డుపడుతుంది.

మనిషి నీటిలో పడితే ఏం చేయాలో బయలుదేరేముందే సాధన చేయండి. చూస్తున్నవారు చూపు మరల్చకుండా తేలే వస్తువు విసిరి, ప్లాటర్ (పడవ ఉన్న చోటును పటం మీద చూపే తెర) మీది గుర్తు బటను నొక్కి, పడవను మెల్లగా తిప్పి దగ్గరకు తెచ్చి, మరను గేరు నుంచి తప్పించాలి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తడిసిన ఎనభై కిలోల భర్తను యాభై అయిదు కిలోల భార్య చేతులతో పైకి లాగలేదు. నీటిలోకి బాగా దిగే నిచ్చెన, కప్పీలతో ఎత్తే తాడు సిద్ధంగా ఉండాలి. ఒంటరిగా చుక్కాని దగ్గర ఉన్నవారు తేలే జాకెట్టు తొడుక్కునే ఉండాలి.

జెట్టీకి ఆనించేటప్పుడు అరుపులు పనికిరావు. ఇంజను చప్పుడులో మాట సగమే వినబడి, కోపం మాత్రం పూర్తిగా వినబడుతుంది. చెవులకు పెట్టుకునే చిన్న రేడియో సెట్లు ఒక జత కొనుక్కోండి. గాలి లేని ఉదయం ఒకటి చూసుకుని, ఒకే జెట్టీకి పదిసార్లు, అయిదుసార్లు ఒకరు అయిదుసార్లు మరొకరు, ఆనించి వదలండి. ఇది నార్‌ఫోక్‌లోనే పూర్తి కావాలి. ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి మయామీ వరకు గట్లన్నీ కాంక్రీటు గోడలు, ప్రతి పడవ లేపిన అల ఆ గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది, వంతెనలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఆ చివరి భాగాన్ని శని, ఆదివారాల్లో కాకుండా వారం మధ్యలో, పొద్దున్నే దాటండి.