అలాయ్ ‘తప్పేం లేదు’ అంటోందా? ముందు రన్ కొట్టి చూడండి

మధురవాడ ఆఫీసులో కొత్తవాళ్లని అలాయ్ నేర్చుకోమంటే ఒకబ్బాయి ‘స్టీల్‌ప్లాంట్ ప్రాజెక్టా సార్?’ అన్నాడు. విశాఖలో ఆ అనుమానం సహజమే. ఇది లోహం కాదు, ఎంఐటీలో డేనియల్ జాక్సన్ బృందం తయారుచేసిన స్పెసిఫికేషన్ భాష. రిక్వైర్‌మెంట్లను తర్కంలో రాసిస్తే, దాని ఎనలైజర్ వాటిలో తప్పులు వెతుకుతుంది. పోర్టు గేటు దగ్గర లారీల టోకెన్లకు మోడల్ రాస్తూ మేం తిన్న దెబ్బలివి.

సమస్య: చెక్ (ఒక నియమం తప్పే సందర్భం ఉందేమో వెతికే ఆజ్ఞ) కొడితే ‘నో కౌంటర్‌ఎగ్జాంపుల్ ఫౌండ్’, అంటే అలాంటి సందర్భం దొరకలేదు అని వస్తుంది. మోడల్లో మాత్రం ఏదో తేడాగా ఉంది.

కారణం: చాలాసార్లు ఫ్యాక్ట్‌లే (ఎప్పుడూ నిజమని మనం రాసిన నియమాలే) ఒకదానితో ఒకటి కొట్టుకుంటుంటాయి. మా డాక్యుమెంటులో ఒక పేజీలో ‘గేటు దగ్గర ఉన్న ప్రతి లారీకీ టోకెన్ ఉండాలి’ అని ఉంది. ఇంకో పేజీలో ‘యార్డు లోపలున్న లారీకే టోకెన్’ అని ఉంది. విడివిడిగా చదివితే రెండూ న్యాయంగానే ఉన్నాయి. కానీ గేటు దగ్గరున్న లారీ ఇంకా యార్డు బయటే కదా, కలిపితే గేటు దగ్గర ఒక్క లారీ కూడా ఉండటానికి వీల్లేదు! లారీయే లేనప్పుడు ‘ఒకే టోకెన్‌తో రెండు లారీలు గేటు దగ్గర ఉండవు’ అనేది నిజం కాక ఏమవుతుంది? అది చూసి మేం సాయంత్రం టీ పార్టీ కూడా చేసుకున్నాం.

పరిష్కారం: చెక్ కంటే ముందు రన్, అంటే నియమాలన్నీ పాటించే ఒక ఉదాహరణ చూపించమనడం. ఖాళీ రన్ సరిపోదు, లారీలే లేని లోకాన్ని చూపించి ఊరుకుంటుంది. ‘గేటు దగ్గర కనీసం ఒక లారీ’ అని అడగండి. ‘నో ఇన్‌స్టెన్స్ ఫౌండ్’ (అలాంటి ఉదాహరణ దొరకలేదు) అంటే దొంగ దొరికినట్టే. ఆప్షన్స్‌లో సాల్వర్‌ని (లోపల వెతుకులాట చేసే ప్రోగ్రామ్‌ని) అన్‌శాట్ కోర్ ఉన్న మినీశాట్‌కి మారిస్తే, గొడవపడే లైన్లకు రంగు వేసి చూపిస్తుంది. అది లేకపోతే ఫ్యాక్ట్‌లను ఒక్కొక్కటే కామెంటు చేసుకుంటూ (పనిచేయకుండా పక్కన పెడుతూ) పోవడమే.

సమస్య: రన్ బాగానే ఉంది, అయినా అసలు తప్పు దొరకలేదు.

కారణం: స్కోప్. మీరేమీ చెప్పకపోతే ఒక్కో రకానికి గరిష్ఠంగా 3 వస్తువులతోనే వెతుకుతుంది. నాలుగో లారీతో వచ్చే గొడవ దానికి కనబడదు.

పరిష్కారం: 5 పెట్టండి, ఆపైన ఓపిక ఉన్నంత వరకు పెంచండి.

సమస్య: లారీలు లెక్కపెడితే మైనస్‌లో వస్తోంది.

కారణం: పూర్ణాంకాలకు మామూలుగా 4 బిట్లే, అంటే -8 నుంచి 7 వరకే. ఓవర్‌ఫ్లో ఆపే ఆప్షన్ పెట్టకపోతే 7కి ఒకటి కలిపితే -8.

పరిష్కారం: ‘6 ఇంట్’ అని ఇస్తే 31 దాకా వెళ్తుంది. నన్నడిగితే మోడల్లో అంకెలే వద్దు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస చెబితే క్యూకి అది చాలు.