ప్లాస్టిక్ లేకుండా మామిడి, ఆకుకూరల ప్యాకింగ్: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

నూజివీడు దగ్గర తోటల నుంచి బంగినపల్లి కాయను నేరుగా హైదరాబాద్ ఇళ్లకు పంపడం మొదలుపెట్టిన ఏడాది, ప్లాస్టిక్ అన్న మాటే వినపడకూడదని నిర్ణయించుకున్నాం. కాయకు తొడిగే నురుగు (ఫోమ్) వలలు, పాలిథిన్ కవర్లు, కాయ మీద స్టిక్కర్లు అన్నీ ఒకేసారి మానేశాం. ఆ వారం ఫిర్యాదు ఫోన్ రాని పూట లేదు. ఒకరి పెట్టెలో కాయలకు చెమట పట్టింది, ఇంకొకరి పెట్టె అడుగున చితికిపోయింది, మరొకరికి చీటీ మీద అక్షరమే మిగల్లేదు.

ఆలోచిస్తే అర్థమైంది. ప్లాస్టిక్ అక్కడ ఏదో ఒక పని చేస్తూ ఉంది. దెబ్బ కాయడమో, తేమ పట్టి ఉంచడమో. ఆ పని ఇక ఎవరు చేస్తారో చూసుకోకుండా దాన్ని తీసేస్తే నష్టపోయేది కాయ. కుళ్ళి చెత్తలోకి పోయిన ఒక పెట్టె మామిడి అంటే దానికి పెట్టిన నీరు, ఎరువు, కూలీ అన్నీ చెత్తలోకి పోయినట్టే. అందుకే ముందు లక్షణం చూసి కారణం పట్టుకోవాలి, తర్వాతే సామాను మార్చాలి.

పెట్టె తెరిస్తే లోపలంతా చెమట

ఎక్కువసార్లు తప్పు పెట్టెది కాదు, కోసిన వేళది. మే నెల మధ్యాహ్నం కోసిన కాయ లోపల ఎండ వేడి అలాగే ఉంటుంది. పైగా కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆ క్రమంలో వేడి, నీటి ఆవిరి బయటకు వదులుతుంది. ఆ కాయను వెంటనే పెట్టెలో మూసేస్తే ఆవిరి పోయే దారి లేక నీరవుతుంది. ఆ నీటిలో బూజు పుడుతుంది.

తెల్లవారుజామున కోయించండి. కుదరకపోతే కోసిన కాయను నీడలో, గోనె పట్టాల మీద ఒకే వరసలో పరిచి రాత్రంతా ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తెల్లారి ప్యాక్ చేయండి. నాలుగైదు కాయలు చేత్తో పట్టుకుని చూస్తే చాలు, వెచ్చగా అనిపించిందంటే ఇంకా ఆగాలి.

ఇక పెట్టెకు రంధ్రాలు. పక్క గోడ వైశాల్యంలో సుమారు 5 శాతం రంధ్రాలు ఉంటే గాలి ఆడుతుంది, పెట్టె బలమూ తగ్గదు. మూలల దగ్గర మాత్రం రంధ్రం పెట్టించకండి. పెట్టెలు పక్కపక్కన పేర్చినప్పుడు ఒకదాని రంధ్రానికి ఎదురుగా ఇంకోదాని రంధ్రం రావాలి, లేకపోతే అవి ఉన్నా లేనట్టే. మేం మొదట లోపల వేసిన కాగితం ముక్కలే రంధ్రాలను మూసేశాయి. అది కనిపెట్టడానికి రెండు వారాలు పట్టింది.

పాత న్యూస్ పేపర్ ఊరికే వస్తుంది కదా అని వేయకండి. ఆ సిరా తినే వస్తువుకు అంటుకుంటుంది. ఆహారాన్ని న్యూస్ పేపర్‌లో చుట్టకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలే చెబుతున్నాయి. అచ్చు లేని కాగితం వాడండి. వరిగడ్డి చాలా మంచిది, కానీ బాగా ఎండాలి. చెమ్మ ఉన్న గడ్డి బూజును తనతోనే తెస్తుంది.

కాయ మీద నల్లటి మచ్చలు

అన్ని నలుపులూ ఒకటి కాదు. ముచ్చిక (తొడిమ) దగ్గర మొదలై చారలుగా కిందికి జారితే అది సొన కాలిన మచ్చ. గుండ్రంగా, కాస్త లోపలికి కుంగి, కాయ పండే కొద్దీ పెద్దదైతే అది ఆంత్రాక్నోస్ తెగులు. ముచ్చిక చుట్టూ మెత్తబడి గోధుమ రంగులోకి తిరిగితే తొడిమ కుళ్ళు.

సొన మచ్చకు మందు కోతలోనే ఉంది. చిక్కంతో (గడకు కట్టిన వల) ముచ్చిక పొడుగ్గా ఉండేలా కోయాలి. తర్వాత నీడలో ముచ్చికను సెంటీమీటరుకు కత్తిరించి, కాయను తలకిందులుగా బల్ల మీద పెట్టి సొన కారిపోనివ్వాలి. నేల మీద పడేసిన కాయకు ఏ పెట్టె తొడిగినా లాభం లేదు.

ఆంత్రాక్నోస్ బీజం తోటలోనే కాయను పట్టి ఉంటుంది, పండేటప్పుడు బయటపడుతుంది. అంటే కొన్నవాళ్ల ఇంట్లో బయటపడుతుంది, నింద ప్యాకింగ్ మీద పడుతుంది. కాయను 52 డిగ్రీల వేడి నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, పూర్తిగా ఆరబెట్టి ప్యాక్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. థర్మామీటర్ లేకుండా అందాజుగా చేయొద్దు, నాలుగు డిగ్రీలు ఎక్కువైతే తోలు మాడుతుంది.

అడుగు పెట్టె చితికిపోయింది

అట్టపెట్టె బలమంతా మూలల్లో ఉంటుంది. మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేరిస్తే బరువు మోస్తుంది. ఇటుకల్లాగా అడ్డదిడ్డంగా పేర్చినా, ఒక పెట్టె అంచు బయటికి వచ్చినా కింది పెట్టె గోడ నడుమ మీద బరువు పడుతుంది, అది వంగిపోతుంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఈ మాట మనమే నిలబడి చెప్పాలి, పెట్టె మీద రాసి ఊరుకుంటే ఎవరూ చదవరు.

రెండో కారణం చెమ్మ. మామిడి జల్లు పడ్డ రాత్రి సిమెంట్ నేల మీద పెట్టిన అట్ట తెల్లారేసరికి మెత్తబడుతుంది. చెక్కల మీద పెట్టండి. మూడోది అత్యాశ. మూత పైకి ఉబ్బేలా కాయ నింపితే పై పెట్టె బరువు అట్ట మీద కాదు, కాయ మీద పడుతుంది. మూతకు, కాయకు మధ్య వేలెడు సందు వదలండి. దూరం వెళ్లే పెట్టెకు ఐదు పొరల అట్ట తీసుకోండి. ప్లాస్టిక్ పొర అంటించిన నిగనిగలాడే పెట్టె వద్దు, దాన్ని మళ్లీ కాగితం చేయడం కష్టం. టేపు కూడా కాగితంది దొరుకుతుంది.

నురుగు వలల బదులు గుడ్ల ట్రే లాంటి కాగితపు గుజ్జు ట్రేలు, లేదా కాయకొక కాగితం చుట్టు సరిపోతాయి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఖాళీ పెట్టె వెనక్కి వచ్చే దారి ఉంటే అట్టపెట్టె కంటే ప్లాస్టిక్ ట్రేనే మేలు. మదనపల్లె టమాటా మార్కెట్‌లో ట్రేలు ఎలా తిరుగుతాయో చూడండి. ఏళ్ల తరబడి తిరిగే ట్రే, ఒక్క ప్రయాణంతో చెత్తయ్యే అట్ట కంటే తక్కువ భారం. కడిగి, ఎండబెట్టి వాడాలి, అంతే.

స్టిక్కర్ ఎరువు గుంతలో అలాగే మిగిలింది

పండ్ల మీది స్టిక్కర్లు చాలావరకు ప్లాస్టిక్ పొరే. తొక్కతోపాటు ఎరువులోకి వెళ్లి, కరగకుండా, మిద్దె తోట కుండీలో తేలుతుంది. జిగురు సంగతి వేరే ఉంది. కాయల మీద నేరుగా స్టిక్కర్ వేయొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది కూడా. ‘టెస్టెడ్ ఓకే’ లాంటి స్టిక్కర్ల వల్ల కొనేవాళ్లకు తెలిసేదేమీ లేదు, మచ్చను కప్పడానికి తప్ప.

లేబుల్ పెట్టె మీద వేయండి. ఎవరు పంపారు, ఏ ఊరు, ఏ రకం, ఎంత బరువు, ఎప్పుడు ప్యాక్ చేశారు, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇలాంటి వివరాలు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు అడుగుతాయి. కోసిన తేదీ నిబంధన కోసం కాదు, మన మర్యాద కోసం రాయాలి.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తు వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ గుర్తు కూడా అంతే, సర్టిఫికెట్ లేకుండా వేయకూడదు.

చీటీ మీద అక్షరాలు మాయమయ్యాయి

బిల్లు మిషన్ కాగితం వేడికి స్పందించే కాగితం. ఎండలో నిలబడ్డ లారీలో అది నల్లబడుతుంది, లేదా వెలిసిపోతుంది. అట్ట మీద రబ్బరు స్టాంపు వేసి, తేదీ చేత్తో రాయండి. తడి తగిలే ఆకుకూర కట్టల చీటీ మీద పెన్సిల్‌తో రాస్తే చెరగదు.

కవర్ తీసేశాక ఆకుకూర వాడిపోతోంది

కవర్ తేమను పట్టి ఉంచేది. ఆ పని తడిపి పిండిన నూలు గుడ్డ చేస్తుంది, అరటాకు ఇంకా బాగా చేస్తుంది. అరటాకును మంట సెగ చూపిస్తే చీలకుండా మెత్తగా మడత పడుతుంది. కట్టకు రబ్బరు బ్యాండు బదులు తడిపిన అరటి నార కట్టండి. పూల అంగడి వాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

కొత్తిమీరకు జాగ్రత్త. వేళ్లు తడిగా, ఆకు పొడిగా ఉండాలి. ఆకు మీద నీళ్లు నిలిస్తే ఒక్క రాత్రికే కుళ్ళుతుంది.

ఆకు వాడిపోకుండానే పసుపుబారితే కారణం పక్కనున్న పండు. పండే మామిడి, అరటి, టమాటా వదిలే ఇథిలీన్ వాయువు ఆకును పండబారుస్తుంది. వేరే గంపలో, వీలైతే వేరే బండిలో పంపండి.

కంపోస్టబుల్ కవర్ కుండీలో కరగలేదు

ఇలాంటి కవర్లు చాలావరకు పెద్ద ఎరువు కేంద్రాల్లో ఉండే వేడికి కరిగేవి. ఇంటి కుండీలో ఆ వేడి రాదు. ‘బయోడీగ్రేడబుల్’ అన్న ఒక్క మాట నమ్మి కొనకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ చూపించమని అడగండి. మీ ఊళ్లో అలాంటి ఎరువు కేంద్రం లేకపోతే ఆ డబ్బుతో గుడ్డ సంచులు కుట్టించండి.

కాయ పండలేదు, ఫ్రిజ్‌లో నల్లబడింది

ఇది ప్యాకింగ్ లోపంలా కనిపించే సమాచార లోపం. పచ్చికాయను దాదాపు 13 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో ఉంచితే దెబ్బతింటుంది, తర్వాత సరిగా పండదు. కార్బైడ్ వాడకం నిషేధం కాబట్టి మేం పచ్చిగా పంపుతాం, ఇంట్లో ముగ్గబెట్టుకోవాలి. అది చెప్పని మొదటి ఏడాది సగం ఫోన్లు దీని గురించే. ఇప్పుడు ప్రతి పెట్టెలో ఈ చీటీ ఉంటోంది:

“పెట్టె వచ్చిన వెంటనే తెరవండి. కాయలు గడ్డిలోనే ఉంచి, ఒకదాని మీద ఒకటి లేకుండా సర్దండి. రోజూ ఒకసారి చూసి, మెత్తబడినవి ముందు తీయండి. పండు వాసన వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గడ్డి కుండీల్లో పరవండి. పెట్టె తడపకుండా పాత పేపర్లు కొనేవాళ్లకు ఇవ్వండి. ఏ కాయ చెడినా ఫోటో పంపండి, ఏ చెట్టు కాయో చూసుకుంటాం.”