40106 డ్రోన్ బాక్స్ మోగడం లేదా? లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోండి

ఒక ఐసీ, నాలుగు పాట్‌లు (తిప్పితే రెసిస్టెన్స్ మారే గుండీలు), ఒక 9 వోల్టుల బ్యాటరీ. ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతంలోకి సొంత చేతులతో దిగేవాళ్లు మొదట కట్టే వాటిలో సీడీ40106 ఐసీతో చేసే డ్రోన్ బాక్స్ (తంబురాలా ఆగకుండా మోగే స్వరాల డబ్బా) ఒకటి. భాగాలు తక్కువే గానీ తప్పు జరిగే చోట్లు తక్కువేం కాదు. అందులోనూ చాలా తప్పులు ఐసీలో ఉండవు. దాని ముందు కరెంటు వచ్చే దారిలోనో, దాని తర్వాత శబ్దం బయటికెళ్లే దారిలోనో ఉంటాయి. కాబట్టి ఐసీని పీకి కొత్తది పెట్టడం ఆఖరి పనిగా పెట్టుకోండి.

ఇక్కడ చెప్పేదంతా ఈ సర్క్యూట్‌ను దృష్టిలో పెట్టుకునే. ఐసీలో ఆరు ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్లు ఉంటాయి: ఇన్‌పుట్ ఒక హద్దు దాటి పైకెళ్తే ఔట్‌పుట్‌ను సున్నాకు, ఇంకో హద్దు దాటి దిగితే ప్లస్‌కు తిరగేసేవి. 14వ పిన్ ప్లస్, 7వ పిన్ గ్రౌండ్. మొదటి మూడు ఇన్వర్టర్లు (ఇన్‌పుట్ 1, 3, 5, ఔట్‌పుట్ 2, 4, 6) ఆసిలేటర్లు, అంటే స్వరం పుట్టించేవి. ఒక్కోదానికి ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు 10 కె రెసిస్టర్, దానితో వరసలో 100 కె పాట్. మిగతా మూడు (ఇన్‌పుట్ 9, 11, 13, ఔట్‌పుట్ 8, 10, 12) బఫర్లు, అంటే ఆసిలేటర్ల మీద భారం పడకుండా మధ్యలో నిలిచేవి. 2 నుంచి 9కి, 4 నుంచి 11కి, 6 నుంచి 13కి వైరు. బఫర్ల ఔట్‌పుట్‌లు ఒక్కో 100 కె రెసిస్టర్ మీదుగా ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి 1 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, ప్లస్ కాలు ఐసీ వైపు. దాని తర్వాత 10 కె వాల్యూమ్ పాట్.

శ్రుతి లెక్క సుమారుగా ఇలా వేసుకోవచ్చు: 1.2ను రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల గుణకారంతో భాగించండి. పైన చెప్పిన విలువలతో పాట్ ఒక చివర 109 హెర్ట్జ్, ఇంకో చివర 1200 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఐసీ ఐసీకీ ఈ లెక్క గట్టిగానే తేడా వస్తుంది. ఎందుకంటే ష్మిట్ ట్రిగ్గర్ ఏ వోల్టేజీ దగ్గర తిరగబడాలన్నదానికి తయారీదారులు ఇచ్చిన హద్దులే చాలా వెడల్పు. కాబట్టి మీ బాక్స్ శ్రుతి మిత్రుడి బాక్స్‌తో కలవకపోతే అది లోపం కాదు.

ఏ లక్షణమైనా సరే, ముందు మీటర్

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను 7వ పిన్‌కు ఆనించండి. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా కాళ్లు గుచ్చి కట్టే బోర్డు) పట్టీకి కాదు, ఐసీ కాలికే. ఎర్ర ప్రోబ్ 14కు తాకిస్తే 8 నుంచి 9.5 లోపు రావాలి. తర్వాత 2, 4, 6 ఒక్కోటీ చూడండి. ఆసిలేటర్ ఆడుతుంటే ఔట్‌పుట్ సగం సేపు 9 దగ్గర, సగం సేపు సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి మీటర్ సగటు చూపిస్తుంది: 4.5కు అటూ ఇటూ. ఆ అంకె కనిపించిందంటే ఆసిలేటర్ బతికే ఉంది, వెతకాల్సింది ముందుకు. 0 గానీ 9 గానీ కదలకుండా నిలిస్తే ఆసిలేటరే ఆగింది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది. ఆసిలోస్కోప్ అక్కర్లేదు.

అసలు శబ్దమే లేదు

14వ పిన్ దగ్గరే వోల్టేజీ లేకపోతే బ్రెడ్‌బోర్డు పట్టీని అనుమానించండి. పొడుగు బోర్డుల్లో చాలావాటికి ప్లస్, మైనస్ పట్టీలు మధ్యలో తెగి ఉంటాయి. ఎర్ర గీత కూడా అక్కడ ఆగి ఉంటే అదే గుర్తు. రెండు ముక్కలనూ చిన్న వైరుతో కలపండి.

వోల్టేజీ ఉండి ఔట్‌పుట్ 9 దగ్గర నిలిచిపోతే ఇన్‌పుట్ సున్నాకు అతుక్కుందన్నమాట. కెపాసిటర్ రెండు కాళ్లూ, గ్రౌండ్ వైరూ ఒకే వరసలో గుచ్చారేమో, పాట్ మధ్య కాలు వదులైందేమో చూడండి. ఔట్‌పుట్ సున్నా దగ్గర నిలిస్తే ఇన్‌పుట్‌కు ఎక్కడి నుంచో ప్లస్ అందుతోంది.

ఔట్‌పుట్ 4.5 చూపిస్తూ శబ్దం రాకపోవడం ఇంకో రకం. వాల్యూమ్ దారి తెగకపోతే, కెపాసిటర్ కాలు గ్రౌండ్‌ను అందుకోలేదు. కెపాసిటర్ లేకపోయినా ఆసిలేటర్ ఆగదు. బోర్డు వరసల మధ్య ఉండే పదో ఇరవయ్యో పికోఫారడ్‌లతోనే మెగాహెర్ట్జ్ దాపుల్లో ఆడుతూ ఉంటుంది. అది కుక్కకు కూడా వినపడదు.

ఐసీని గుచ్చేటప్పుడు ఒక కాలు లోపలికి మడిచిపోయి, పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించడం కూడా మామూలే. తీసి, బోర్లించి చూడండి.

ఐసీ వేడెక్కుతోంది

40106 మామూలుగా చల్లగా ఉండాలి. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే బ్యాటరీ తీయండి. గంటు ఉన్న చివర ఎడమకు పెట్టుకుంటే కింది వరసలో ఎడమ చివరిది 1వ పిన్, కుడి చివరిది 7. తిరగేసి గుచ్చితే ప్లస్, గ్రౌండ్ తారుమారవుతాయి. అలా కొన్ని క్షణాలుంటే ఒక్కోసారి బతుకుతుంది, ఒక్కోసారి బతకదు.

రెండో కారణం షాపులో మొదలవుతుంది. 40106 లేకపోతే 74హెచ్‌సీ14 ఇచ్చి "రెండూ ఒకటే" అంటారు. పిన్‌ల వరస నిజంగానే ఒకటే. కానీ 40106 3 నుంచి 18 వోల్టుల దాకా పనిచేస్తే, 74హెచ్‌సీ14కు 6 వోల్టులే గరిష్ఠం. 9 వోల్టుల బ్యాటరీ దాన్ని చంపేస్తుంది. అదే చేతిలో ఉంటే 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటుతో వాడుకోండి, బాగానే మోగుతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, ఐసీ మీద అచ్చైన నంబరు చదివాకే బోర్డులో పెట్టండి.

మూడోది: వాడని ఇన్వర్టర్ల ఇన్‌పుట్‌లను గాల్లో వదిలేయడం. 40106 లాంటి సీమాస్ రకం ఐసీల ఇన్‌పుట్ దేనికీ కట్టకపోతే చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ హమ్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊగుతుంది, ఊరికే కరెంటు తాగుతుంది, పక్క ఆసిలేటర్లలో గరగర పుట్టిస్తుంది. ఒక్క ఆసిలేటరే కడుతుంటే మిగతా ఇన్‌పుట్‌లన్నీ గ్రౌండ్‌కు కట్టేయండి. ఇన్‌పుట్‌లు మాత్రమే. ఔట్‌పుట్‌లు కాదు.

స్వరానికి బదులు టిక్ టిక్ మంటోంది

కెపాసిటర్ విలువ తప్పు. 0.1 మైక్రోఫారడ్ మీద 104 అని ఉంటుంది, 0.01 మీద 103, 1 మైక్రోఫారడ్ మీద 105. పాట్ 100 కె దగ్గర ఉండగా 10 మైక్రోఫారడ్ పడితే సెకనుకు ఒకటి రెండు టిక్కులే వస్తాయి. తాళానికి అది పనికొస్తుంది, డ్రోన్‌కు కాదు.

పాట్ చివర కొసలోనే శ్రుతులన్నీ ఇరుక్కున్నాయి

1 మెగా ఓమ్ పాట్ పెట్టినవాళ్లందరికీ ఎదురయ్యేదే. శ్రుతి రెసిస్టెన్స్‌కు విలోమం. 1 మెగా దగ్గర 12 హెర్ట్జ్ అయితే, సగం తిప్పితే 24, అంటే సగం తిప్పుడుకు ఒక్క స్థాయి (ఆక్టేవ్). ఇంకో పావుకు ఇంకో స్థాయి. వాడుకోదగ్గ శ్రుతులన్నీ చివరి పదో వంతులో గుమికూడతాయి. అందుకే 100 కె, దానితో 10 కె. వెడల్పు తప్పక కావాలంటే లాగ్ పాట్ తీసుకోండి, వెనక 'ఎ' అని ఉంటుంది ('బి' అంటే లీనియర్). మొదటి కాలు, మధ్య కాలు వాడండి. అప్పుడు కుడికి తిప్పితే శ్రుతి దిగుతుంది. అలవాటైపోతుంది.

ఆ 10 కె తీసేస్తే పాట్ సున్నాకు వచ్చినప్పుడు శ్రుతి చెవికి అందని చోటికి పోయి, బాక్స్ ఆగిపోయిందనిపిస్తుంది.

పాట్ బదులు ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) పెట్టి, గొంతు గరగరలాడుతోందంటే దీపాన్ని చూడండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద చోక్ ట్యూబ్‌లైటు, చౌక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అదే శ్రుతిలోకి దిగుతుంది. పగటి వెలుగులోనో టార్చి వెలుగులోనో పరీక్షించండి.

వాల్యూమ్ తిప్పితే శ్రుతి కూడా మారుతోంది

బఫర్ వదిలేసి 2వ పిన్ నుంచే నేరుగా శబ్దం తీసుకున్నారు. 40106 ఔట్‌పుట్ ఇచ్చే కరెంటు ఒకటి రెండు మిల్లీఆంపులే. అదే ఔట్‌పుట్ కెపాసిటర్‌ను నింపి ఖాళీ చేస్తోంది, అదే మీ స్పీకర్‌నూ ఎల్ఈడీనీ మోయాలి. భారం పెరిగితే ఔట్‌పుట్ పూర్తి 9కి ఎక్కదు, కెపాసిటర్ నిండే వేగం మారుతుంది, శ్రుతి జారుతుంది. పైన చెప్పిన మూడు బఫర్లు పెట్టింది ఇందుకే. ఎల్ఈడీ కూడా బఫర్ వైపే, 4.7 కె మీదుగా.

ఆసిలేటర్ల ఔట్‌పుట్‌లను రెసిస్టర్లు లేకుండా ఒకచోట కలిపితే ఇంతకన్నా ఘోరం. ఒకటి 9 అంటుంటే ఇంకోటి 0 అని లాగుతుంది.

రెండు ఆసిలేటర్లు ఒకే శ్రుతికి అతుక్కుంటున్నాయి

దీని మీద ఎక్కువసేపు కూర్చోవడం దండగ కాదు. ఒకదాన్ని 100 హెర్ట్జ్ దగ్గర ఆపి, రెండోదాన్ని నెమ్మదిగా దగ్గరికి తీసుకురండి. 102 దగ్గర సెకనుకు రెండు అలలు వినపడాలి, సరిగ్గా కలవని తంబురా తీగల్లో వినపడే అలలాగా. ఇంకా దగ్గరికి వస్తే అల నెమ్మదించాలి. అలా నెమ్మదిస్తూ కాక, టక్కున ఆగిపోయి రెండూ ఒకే గీతగా మారాయంటే అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రెట్టింపు శ్రుతి దగ్గరా ఇలా జరుగుతుంది.

కారణం: ఒక ఇన్వర్టర్ తిరగబడిన ప్రతిసారీ క్షణంలో కొంత కరెంటు లాగుతుంది. సప్లై అంతలోనే కొద్దిగా కుంగుతుంది. తిరగబడే వోల్టేజీ సప్లైతో పాటే కదులుతుంది కాబట్టి, అప్పటికే గట్టు అంచున ఉన్న పక్క ఆసిలేటర్ కాస్త ముందే తిరగబడిపోతుంది. ప్రతి చక్రంలో ఇదే జరిగితే రెండూ ఒకే అడుగు వేస్తాయి.

పరిష్కారం ఈ వరసలో. 104 సిరామిక్ కెపాసిటర్‌ను 14, 7 పిన్‌ల మధ్య, ఐసీ మీదుగా వంతెనలా, కాళ్లు కురచగా కోసి పెట్టండి. రెండంగుళాల దూరంలో పట్టీ మీద పెడితే ప్రయోజనం తగ్గిపోతుంది. తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి 14కు 100 ఓమ్‌ల రెసిస్టర్, 14 నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్. అప్పటికీ అతుక్కుంటే రెండు ఆసిలేటర్లనూ వేర్వేరు ఐసీల్లోకి మార్చండి. ఒకే ఐసీలో పూర్తిగా విడదీయడం కుదరకపోవచ్చు.

ఇదంతా చేసేముందు ఒక ఐదు నిమిషాలు ఆ అతుకుడును రికార్డు చేసి పెట్టుకోండి. ఇది లోపమా, వాయిద్యమా అన్నది మీ ఇష్టం. కావాలనే రప్పించాలంటే 104 తీసేసి 14వ పిన్‌కు 1 కె వరసలో పెట్టండి, లేదా 1, 3 పిన్‌ల మధ్య 470 కె. శ్రుతి మెట్లుమెట్లుగా దూకుతుంది.

ఎల్‌ఎం386 (స్పీకర్‌ను మోగించే చిన్న ఆంప్ ఐసీ) కలిపాక బుడబుడమంటోంది, లేదా అంతా పగిలిపోతోంది

బుడబుడ సప్లైది. స్పీకర్ కరెంటు లాగిన ప్రతిసారీ నీరసపడ్డ బ్యాటరీ కుంగుతుంది, ఆ కుంగుడు తిరిగి ఆంప్‌లోకే చేరుతుంది. ఎల్‌ఎం386 ఐసీ 6, 4 పిన్‌ల మధ్య 470 మైక్రోఫారడ్, 7వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ పెట్టండి. చౌక జింక్ బ్యాటరీ మానేసి ఆల్కలైన్ వాడండి.

పగలడం సిగ్నల్ మోతాదుది. మూడు ఆసిలేటర్లూ కలిసి వాల్యూమ్ పాట్ పైన సుమారు 2 వోల్టులు, శిఖరం నుంచి శిఖరానికి. ఎల్‌ఎం386 ఇన్‌పుట్‌కు హద్దు అటు 0.4, ఇటు 0.4. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 20 కాబట్టి అంతకన్నా ముందే ఔట్‌పుట్ నిండిపోతుంది. 1 మైక్రోఫారడ్ తర్వాత ఇంకో 100 కె వరసలో పెడితే 0.6 దగ్గరికి దిగుతుంది. 1, 8 పిన్‌ల మధ్య 10 మైక్రోఫారడ్ పెట్టి ఉంటే పీకేయండి. అది గెయిన్‌ను 200 చేస్తుంది, మీకు అక్కర్లేదు.

రికార్డు చేస్తుంటే హమ్

ఆసిలేటర్ పాట్ తిప్పండి. హమ్ శ్రుతి మారకపోతే అది మీ బాక్స్‌ది కాదు, గోడది. రెండు పిన్‌ల ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ లీకవుతూ ఆడియో గ్రౌండ్ మీదుగా దారి వెతుక్కుంటుంది. చార్జర్ పీకి వినండి. హమ్ పోతే రికార్డింగ్ అయ్యేదాకా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడపండి, బాక్స్‌కూ అడాప్టర్ వద్దు. పోకపోతే షీల్డ్ లేని వైరుంది. బాక్స్ రేకుదైతే దాన్ని గ్రౌండ్‌కు కలపండి.

ఫోన్ మైక్ ఇన్‌పుట్ మిల్లీవోల్టుల కోసం చేసింది. దానికి 2 వోల్టులు పెడితే ఇసుక రాలినట్టు వస్తుంది. బాక్స్ నుంచి 1 మైక్రోఫారడ్ (ప్లస్ కాలు ఫోన్ వైపు, ఎందుకంటే మైక్ పిన్ మీద ఫోనే డీసీ ఇస్తుంది), వరసలో 100 కె, మైక్ పిన్‌కు గ్రౌండ్‌కు మధ్య 2.2 కె. 40 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తుంది, ఆ 2.2 కెను చూసే ఫోన్ మైక్ ఉందని గుర్తుపడుతుంది.

ఇంట్లో బాగుంది, అప్‌లోడ్ చేశాక కరకరమంటోంది

స్క్వేర్ వేవ్‌తో వచ్చే తంటా. అంచులు నిట్టనిలువుగా ఉండే ఈ తరంగాన్ని ఎంపీ3 లాంటి కోడెక్ వడకట్టినప్పుడు అంచుల దగ్గర పొంగుతుంది. ఫైల్‌ను సున్నా డెసిబెల్ దాకా నింపి పెడితే ఆ పొంగుకు చోటుండదు, అక్కడే పగులుతుంది. శిఖరాన్ని మైనస్ 3 డెసిబెల్ దగ్గర ఆపి, 24 బిట్ వేవ్ ఫైల్‌గా ఎక్కించండి. మోనో ఫైల్ చాలు. ఒకే సిగ్నల్‌ను ఎడమ కుడులకు తిరగేసి పంపి "వెడల్పు" తెచ్చినవాళ్ల డ్రోన్, ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో మాయమైపోతుంది.

డిస్‌క్వైట్ జుంటో లాంటి ఆన్‌లైన్ ఔత్సాహిక సంగీత సమూహాల్లో పని గురువారం ఇచ్చి సోమవారానికి అడుగుతారు. 2012 జనవరిలో జుంటో ఇచ్చిన మొదటి పని, గ్లాసులో మంచుముక్క శబ్దంతో సంగీతం. అంత గడువులో ఆఖరి రాత్రి టంకం వేయడం మొదలుపెట్టకండి. అందరికీ తెలిసిందే, అందరూ చేసేదే. ఎక్కించే ముందు ఒకసారి 128 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చుకుని, ఇయర్‌ఫోన్‌లో మొదటి అర నిమిషం వినండి. కరకర ఉంటే అక్కడే బయటపడుతుంది.