బొగ్గు బాయిల జీఈబీ (మెషిన్లకు కరెంటు ఇచ్చే గేట్ ఎండ్ బాక్సు) ఊకె ట్రిప్ అయితుందా? రీసెట్ కొట్టే ముందు ఇవి చూడుండ్రి

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట సైడు నుంచి ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి సింగరేణి అండర్‌గ్రౌండ్ బాయిలల్ల పనికి పోయే తమ్ముళ్ల కోసం రాస్తున్న. మన బత్తాయి తోటల కాడ స్టార్టర్ నిలవకపోతే రిలేకు జంపర్ ఏసి మోటర్ నడిపిస్తరు, ఆ అలవాటు బాయిలకు తీస్కపోవద్దు. గాలిల మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్యల ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకే 1.25 శాతం దాటంగనే కరెంటు కట్ చేయాలని రూలు. ఏ ఫాల్ట్ వచ్చినా ఫస్ట్ గ్యాస్ చెక్, తర్వాత ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం ఏసి బోర్డు పెట్టాలె, అప్పుడే కవర్ విప్పాలె.

సమస్య: ఎర్త్ లీకేజ్ ట్రిప్, రీసెట్ కొడితే మళ్లీ ట్రిప్

చాలాసార్లు ట్రెయిలింగ్ కేబులే (జీఈబీ నుంచి మెషిన్ దాకా పోయి దాని వెంట కదిలే కేబుల్) కారణం. ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తిపోసే మెషిన్) చెయిన్ కింద నలిగి ఉంటది, కప్పు నుంచి బొగ్గుపెడ్డ పడి ఉంటది, లేకపోతే ప్లగ్గుల నీళ్లు పోయి ఉంటయి. 550 వోల్టుల లైన్ల ఎర్త్ ఫాల్ట్ కరెంటు 750 మిల్లీఆంపులు దాటకుండ న్యూట్రల్ కాడ రెసిస్టెన్స్ పెడతరు, అంత చిన్న కరెంటును ఫ్యూజు గానీ ఓవర్‌లోడ్ గానీ పట్టుకోలేదు, లీకేజ్ రిలే ఒక్కటే దిక్కు. దాన్ని బైపాస్ చేస్తే ఫాల్ట్ అట్లనే దాక్కుంటది, ఇంకో ఫేజు కూడ లీకయిన నాడు రెండూ కలిసి పెద్ద షార్ట్ అయితది.

కేబుల్‌ను రెండు దిక్కులా విప్పి, కేబుల్ వేరే మెషిన్ వేరే మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) చేయండి. మెగ్గర్‌తోటి కూడ స్పార్క్ రావొచ్చు, గ్యాస్ చూడకుండ తిప్పొద్దు. కేబుల్ పోయిందని తేలితే పైకి పంపి వల్కనైజింగ్ (వేడి చేసి రబ్బరు అతికించుడు) చేయించుడే, టేప్ జాయింట్ వద్దు.

సమస్య: బటన్ నొక్కితే స్టార్ట్ కాదు, లేదా కేబుల్ కదిలితే ఆగిపోతది

పైలట్ కోర్ (కేబుల్ల స్టార్ట్, స్టాప్ కంట్రోల్ కోసం ఉండే సన్న తీగ) చూడాలె. పైలట్ సర్క్యూట్ మెషిన్ దాకా పోయి అక్కడ డయోడ్ గుండా ఎర్త్ కోర్ మీద వాపస్ వస్తది, అంటే ఎర్త్ తెగితే మెషిన్ స్టార్టే కావొద్దు. కొందరు తొందరల జీఈబీ లోపలనే డయోడ్ పెట్టి లింక్ చేస్తరు. అప్పుడు ఎర్త్ లేకున్నా మెషిన్ నడుస్తది, బాడీకి కరెంటు వస్తే పట్టుకున్న మనిషి పోతడు. కోర్ కోర్‌కు కంటిన్యుటీ, ప్లగ్ పిన్నులు, డయోడ్ రెండు వైపులా చెక్ చేయండి.

సమస్య: ఓవర్‌లోడ్ ట్రిప్, కేబుల్ వేడి

కేబుల్ కుప్పేసి ఉంటే పరవండి. మోటర్ జామయిందా, ఒక ఫేజు పోయిందా చూడండి. సెట్టింగ్ మాత్రం పెంచొద్దు.

సమస్య: ఎఫ్‌ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్, అంటే లోపలి మంట బయటికి రానియ్యని) బాక్సు బోల్టు లేదు, ఫ్లాంజ్ (మూత, బాక్సు కలిసే అంచు) మధ్యల సందు కనిపిస్తుంది

ఆ బాక్సు గ్యాస్‌ను లోపలికి రాకుండ ఆపదు. లోపల గ్యాస్ అంటుకున్నా మంట ఆ సన్నటి సందుల నుంచి వచ్చేసరికి చల్లారాలె, అట్ల తయారు చేసిండ్రు. ఒక్క బోల్టు లేకున్నా సందు పెరిగి మంట బయటికొస్తది. అదే సైజు బోల్టులన్నీ ఏసి, ఫ్లాంజ్ శుభ్రంగ తుడిచి, ఫీలర్ గేజ్‌తోటి కొలవండి. పెయింట్, ఎం-సీల్, రబ్బరు ఏదీ మధ్యల పెట్టొద్దు. వాడని కేబుల్ ఎంట్రీలకు సరైన ప్లగ్గే పెట్టాలె, గుడ్డలు కుక్కుడు కాదు. బోల్టు దొరకకపోతే సూపర్‌వైజర్‌కు చెప్పి లాగ్ బుక్కుల రాసి బాక్సు ఆఫ్‌లనే ఉంచండి, షిఫ్ట్ మారేటప్పుడు వచ్చేటోళ్లకు నోటితోటి కూడ చెప్పండి.