విరాళాలు ఇచ్చినవాళ్ళకు లెక్క ఎలా చెప్పాలి?

విరాళాలు అడగడానికి రోజుకో మెసేజ్ పెట్టినవాళ్ళే, డబ్బు వచ్చాక దాంతో ఏం చేశారో చెప్పడానికి నెలల తరబడి ఒక్క ఉత్తరం రాయరు. రాసినా "మీ అందరి సహకారంతో కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది" అని రెండు వాక్యాలు, కింద ఒక గ్రూప్ ఫోటో. చాలా ఏళ్ళుగా ఇలాంటి సేకరణలకు లెక్కలు చూస్తున్నాను. ఆ రెండు వాక్యాలు అందుకున్న దాతలు మరుసటి ఏడాది ఫోన్ ఎత్తకపోవడం చాలాసార్లు చూశాను. ఇచ్చిన డబ్బు ఏమైందో తెలుసుకోవడం వాళ్ళ హక్కు. ఆ ఉత్తరం ఎలా రాయాలో, నేను రాసే పద్ధతిలోనే చెప్తాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

బ్యాంకు స్టేట్‌మెంట్, రసీదు పుస్తకం, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే నుంచి దించుకున్న జాబితా, బిల్లులు. వీటితోపాటు విరాళం అడుగుతూ మీరు పంపిన మొట్టమొదటి మెసేజ్ కూడా ఉండాలి. దీన్ని ఎవరూ దాచుకోరు. దాత డబ్బిచ్చింది ఆ మాటలు చదివే కాబట్టి ఉత్తరంలో ప్రతి వాక్యాన్నీ దాని పక్కన పెట్టి చూసుకోవాలి. అందులో "నలభై మందికి" అని ఉంటే ఉత్తరంలోనూ నలభై అనే అంకె కనిపించాలి.

ఎప్పుడు పంపాలి

సేకరణ ముగిసిన రెండు వారాల్లో మొదటి ఉత్తరం వెళ్ళాలి. ఎంత వచ్చింది, పని ఎప్పుడు మొదలవుతుంది, ఈ రెండు ముక్కలు చాలు. పని పూర్తయ్యాక అసలు ఉత్తరం. పనికి ఆరు నెలలు దాటితే మధ్యలో ఇంకొకటి. రసీదు ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. డబ్బు అందిందని మాత్రమే రసీదు చెప్తుంది.

వచ్చిన మొత్తం

"మొత్తం ఇంత వచ్చింది" అని ఒకే అంకె రాస్తే అది దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. ఇస్తామని మాటిచ్చింది ఎంత, నిజంగా ఇచ్చింది ఎంత, గేట్‌వే కమిషన్ పోను ఖాతాలో పడింది ఎంత, ఈ మూడూ విడివిడిగా రాయాలి. తిరిగొచ్చిన చెక్కులు, పొరపాటున రెండుసార్లు కట్టినవాళ్ళకు వెనక్కి పంపిన డబ్బు తీసేయాలి. బట్టలు, పుస్తకాలు, మందులు వంటి వస్తువులు ఇచ్చినవాళ్ళుంటే వాటిని వేరే జాబితాలో పెట్టండి. వాటికి మీరే ఒక విలువ ఊహించి మొత్తంలో కలిపితే లెక్క చెడుతుంది. ఆఖరి అంకె బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పైసా తేడా లేకుండా కలవాలి. కలిపినవాళ్ళు కాకుండా ఇంకొకరు మొదటి నుంచీ మళ్ళీ కూడి చూడాలి.

ఖర్చులు

ఐదారు పద్దులు చాలు. అసలు పనికి ఎంత, రవాణాకు ఎంత, జీతాలకు ఎంత, ప్రచారానికి ఎంత, చేతిలో ఎంత ఉంది. రంగుల గ్రాఫులు వద్దు. పద్దు పక్కన అంకె ఉంటే చూసిన వెంటనే అర్థమవుతుంది.

జీతాలు, ఆఫీసు ఖర్చులు చూస్తే దాతలకు కోపం వస్తుందని చాలామంది వాటిని "ఇతర ఖర్చులు" కింద దాచేస్తారు. అలా దాచడం అన్యాయం. పని చేయడానికి మనుషులు కావాలి, మనుషులకు జీతం కావాలి. 2013లో అమెరికాలో స్వచ్ఛంద సంస్థల సమాచారం సేకరించి, పనితీరు పరిశీలించే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి. ఆఫీసు ఖర్చుల శాతం ఒక్కటే చూసి సంస్థ మంచిదో కాదో తేల్చవద్దని అందులో కోరాయి. 2006లో మొదలైన చారిటీ వాటర్ అనే సంస్థ వేరే దారి ఎంచుకుంది. మామూలు దాతలిచ్చే డబ్బంతా నీటి పథకాలకే పోతుంది. ఆఫీసు ఖర్చులకు వేరే దాతలున్నారు, వేరే ఖాతా ఉంది. అలా చేయగలిగితే మంచిదే, కానీ చిన్న సంస్థలకు అది కుదిరే పని కాదు. ఉన్నది ఉన్నట్టు రాసి, జీతం ఏ పనికి ఇచ్చారో ఒక వాక్యం చేర్చండి. అలా రాసినందుకు నాతో గొడవపడిన దాత ఇంతవరకు ఒక్కరూ లేరు.

చెప్పినదానికీ జరిగినదానికీ ఉన్న తేడా

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా ఉత్తరమంతా ఒక గంటలో రాసేయొచ్చు. ఈ ఒక్క పేరాకు నేను రెండు రోజులు తీసుకుంటాను.

అనుకున్నది అనుకున్నట్టు జరిగిన సేకరణ నేను ఒక్కటీ చూడలేదు. ధర పెరుగుతుంది, పని ఆలస్యమవుతుంది, డబ్బు తక్కువ పడుతుంది, ఒక్కోసారి ఎక్కువ కూడా వస్తుంది. అప్పుడు రాసేవాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది. "కొన్ని అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెడతారు. దాత చదవడం ఆపేసేది ఆ మాట దగ్గరే.

ఒకసారి నలభై వీల్‌చైర్లు కొంటామని డబ్బు సేకరించాం. మేం కొనే లోపు ధర పెరిగింది, ముప్ఫై ఒకటే వచ్చాయి. ప్రచారం చూసేవాళ్ళు ఉత్తరంలో "అవసరమైన వారందరికీ వీల్‌చైర్లు అందించాం" అని రాశారు. నేను లెక్కలు చూసి ఇచ్చాను గానీ ఆ వాక్యాన్ని అడ్డుకోలేదు. వారం తిరక్కుండానే ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "నలభై అన్నారు కదండీ, మిగతా తొమ్మిది ఏమయ్యాయి?" ధర పెరిగిందని చెప్తే ఆవిడ నమ్మారు. "ఈ మాట ఉత్తరంలోనే రాస్తే పోయేది కదా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మాకు మళ్ళీ విరాళం ఇవ్వలేదు. మాకు ఫోన్ చేయకుండా మనసులోనే అనుకుని ఊరుకున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు.

అప్పటి నుంచి తేడా పేరా ఎప్పుడూ ఉత్తరంలో రెండోదిగా ఉంటుంది. ధన్యవాదాలు చెప్పిన వెంటనే వస్తుంది, మిగతా ఉత్తరం ఏ అక్షరాల సైజులో ఉంటే ఇదీ అదే సైజులో ఉంటుంది. అందులో వరసగా నాలుగు సంగతులు చెప్పాలి: ఏం చేస్తామన్నాం, ఏం చేశాం, తేడా ఎందుకొచ్చింది, ఆ తేడాను ఏం చేయబోతున్నాం. ఉదాహరణకు ఇలా: "నలభై వీల్‌చైర్లు ఇస్తామని చెప్పాం. ముప్ఫై ఒకటి ఇచ్చాం. ధర పెరుగుతుందని మేం ముందుగా లెక్క వేసుకోలేదు. మిగిలిన తొమ్మిది మందికి ఎలా ఇస్తామో వచ్చే నెల రాస్తాం." "మేం" అనే మాట తప్పకుండా ఉండాలి. "లెక్క వేయబడలేదు" అని రాస్తే ఎవరు వేయలేదో తెలియదు, తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. క్షమాపణ ఒక్కసారి చెప్పండి. మూడుసార్లు చెప్తే అసలు విషయం మరుగునపడుతుంది. వచ్చే నెల రాస్తామన్నాక వచ్చే నెల తప్పకుండా రాయాలి.

తప్పులు బయటపెడితే పరువు పోతుందని భయపడేవాళ్ళకు నేను ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే స్వచ్ఛంద సంస్థ కెనడా శాఖ సంగతి చెప్తాను. 2008 నుంచి వాళ్ళు తమ వైఫల్యాల మీదే నివేదికలు అచ్చువేయడం మొదలుపెట్టారు. దాంతో సంస్థ మూతపడలేదు.

డబ్బు మిగిలినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఒక పనికని తీసుకున్న డబ్బును మనకు నచ్చిన ఇంకో పనికి మళ్ళించకూడదు, అది ఎంత మంచి పనైనా సరే. చాలా దేశాల్లో ఇది చట్టపరంగా కూడా చిక్కే కాబట్టి ముందు ఆడిటర్‌ని అడగండి. "మిగిలితే ఇలాంటి పనికే వాడతాం" అని మొదటి మెసేజ్‌లో రాసి ఉంటే ఆ మాట ప్రకారం చేసి, చేశామని చెప్పండి. రాయకపోతే దాతలను అడగాలి. డబ్బు ఎంత మిగిలింది, దేనికి వాడాలనుకుంటున్నాం, ఏ తేదీలోపు జవాబివ్వాలి, వద్దంటే వాళ్ళ వాటా ఎలా వెనక్కి వస్తుంది, ఇవన్నీ రాయండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని కొందరంటారు. నేను ఒప్పుకోను. రెండోసారి గుర్తుచేస్తాను. అప్పటికీ జవాబు రాని వాటాను అదే ఖాతాలో ఉంచి, మళ్ళీ అదే పని వచ్చినప్పుడు ఖర్చుపెడతాను.

ఫలితం

ముప్ఫై ఒక్క వీల్‌చైర్లు ఇవ్వడం మనం చేసిన పని. వాటిని ఎంతమంది నిజంగా వాడుతున్నారు, ఎవరికి సరిపోలేదు అన్నది ఫలితం. మూడు నెలల తర్వాత వెళ్ళి అడిగితే తప్ప అది తెలియదు. అడగకుండా "జీవితాలు మారాయి" అని రాయొద్దు. కొన్ని ఫలితాలకు ఏళ్ళు పడతాయి. 2014లో తల మీద చల్లటి నీళ్ళు పోసుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్‌తో ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయపడిన పరిశోధనలో ఆ జబ్బుతో సంబంధమున్న నెక్1 అనే జన్యువును గుర్తించినట్టు 2016లో ప్రకటించారు. ఇచ్చినవాళ్ళకు అలాంటి కబురు రెండేళ్ళ తర్వాతైనా చెప్పాలి.

ఫోటో ఒక్కటే పెట్టండి. చేతిలో వస్తువు పెట్టి కెమెరా వైపు తిప్పిన ఫోటోలు నేను వాడను. సాయం తీసుకున్నవాళ్ళ ముఖం కనిపిస్తే వాళ్ళ అనుమతి ఉండాలి, పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

పంపడం

ఒక పేజీ దాటకూడదు. వివరమైన జమాఖర్చులు అడిగినవాళ్ళకు వెంటనే ఇచ్చేలా సిద్ధంగా ఉంచుకోండి. పేరుతో పిలిచి రాయండి. ఎక్కువ ఇచ్చినవాళ్ళకు ఒక ఉత్తరం, తక్కువ ఇచ్చినవాళ్ళకు ఒకటి అని రెండు రాయొద్దు. ఈమెయిల్ పంపేటప్పుడు ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపించకూడదు. పేరు వద్దన్నవాళ్ళ పేరు ఎక్కడా రాకూడదు, ఎవరెంత ఇచ్చారన్న జాబితా అసలే వద్దు. ఇదే ఉత్తరంలో మళ్ళీ విరాళం అడగకండి. లెక్క చెప్పడానికని మొదలుపెట్టి చివర్లో చెయ్యి చాపితే, పైన రాసిందంతా అందుకోసమే అనిపిస్తుంది.

ఉత్తరం అడుగున లెక్కలు చూసిన మనిషి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. తర్వాత పది రోజులు ఆ ఫోన్ ఎత్తాలి. ఎవరైనా అంకెలో తప్పు చూపిస్తే, దిద్దిన అంకెను ఆ ఒక్కరికే కాకుండా ఉత్తరం అందుకున్న అందరికీ పంపండి.